తలుపులు తెరిచే రోజు, పండగ చేసుకునే రోజు

ఉత్తర లండన్‌లోని ఎడ్మంటన్‌లో 2005 ఫిబ్రవరిలో ఐకియా సంస్థ ఒక పెద్ద ఫర్నిచర్ దుకాణాన్ని ప్రారంభించింది. ఫిబ్రవరి 10వ తేదీ మొదలయ్యే క్షణంలో, అంటే సరిగ్గా అర్ధరాత్రి తలుపులు తెరుస్తామని, కొన్ని వస్తువులపై భారీ తగ్గింపు తెల్లవారుజామున మూడు గంటల వరకే ఉంటుందని ముందుగానే ప్రచారం చేసింది. చలికాలం, అందులోనూ అర్ధరాత్రి కాబట్టి జనం పలచగా వస్తారనిపించడం సహజం. వచ్చినవారు మాత్రం ఆరు వేల వరకు ఉంటారని అంచనా. గుమ్మం దగ్గర తోపులాట మొదలై కొందరు ఆస్పత్రి పాలయ్యారు. సుమారు అరగంటకే దుకాణాన్ని మూసివేయవలసి వచ్చింది. ఏడాదిలో ఆ రోజుకు వచ్చిన దోషమేమీ లేదు. కొన్ని రోజుల పాటు విడివిడిగా రావలసిన గిరాకీని ఒకే గుమ్మం ముందుకు, ఒకే నిమిషానికి పోగుచేసిన ప్రకటనలోనే చిక్కంతా ఉంది.

వ్యాపారం ప్రారంభించేవారు తేదీని చాలావరకు ఆహ్వాన పత్రికలో నింపవలసిన ఒక ఖాళీగానే చూస్తారు. స్థలం ఎంపికకు నెలలు పడుతుంది, పేరు కోసం ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడతారు, రంగుల దగ్గరా బోర్డు దగ్గరా ఎన్నో మార్పులు చేస్తారు. తేదీ మాత్రం ఒక్క పూట మాటల్లో తేలిపోతుంది. నిజానికి ఎంతమంది వస్తారు, ఎంత వేగంగా వస్తారు, ఎలాంటి మనఃస్థితిలో వస్తారు, వచ్చినవారికి సేవ చేయవలసిన సిబ్బంది ఆ సమయానికి ఎంత ఆరితేరి ఉంటారు అన్న నాలుగు విషయాలనూ ఒక్కసారిగా నిర్ణయించేది తేదీ, వేళ మాత్రమే. పైగా ఒకసారి ప్రకటించాక అది నలుగురికీ ఇచ్చిన మాట అవుతుంది. స్థలంలో, ధరల్లో, సరుకులో తర్వాతైనా సవరణలు చేసుకోవచ్చు. తప్పిన ప్రారంభోత్సవాన్ని మళ్లీ మొదటిసారి జరుపుకోవడం కుదరదు.

ఈ విషయంలో అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది ఏ తేదీ మంచిదన్నది కాదు, ఎన్ని తేదీలు కావాలన్నది. ప్రారంభం అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు పనులు దాగి ఉన్నాయి. మొదటిది వ్యాపారం నిజంగా నడవడం: తలుపు తీయడం, సరుకు అమ్మడం, డబ్బు తీసుకోవడం, రసీదు ఇవ్వడం, తేడా వస్తే సరిదిద్దడం. రెండవది వ్యాపారం మొదలైందని లోకానికి చాటడం: రిబ్బన్, అతిథులు, ఫొటోలు, తగ్గింపు ధరలు. మొదటి పనికి నిదానం కావాలి, పొరపాట్లను భరించగల కొద్దిపాటి జనం కావాలి. రెండవ పనికి సందడి కావాలి. ఈ రెండింటినీ ఒకే రోజుకు ముడిపెడితే, పని ఇంకా చేతికి అలవాటు పడని సిబ్బంది ముందుకు వ్యాపార జీవితంలోనే అతి పెద్ద గుంపును తోసినట్లవుతుంది. అందుకే అనుభవజ్ఞులు ముందు చప్పుడు లేకుండా తలుపులు తెరిచి, కొన్నాళ్లు నడిపి, ఆ తర్వాతే వేడుక జరుపుతారు. వ్యాపార వర్గాల్లో దీన్నే సాఫ్ట్ ఓపెనింగ్ అంటారు.

ఈ రెండు తేదీల మధ్య ఎంత వ్యవధి ఉండాలన్నది వ్యాపారాన్ని బట్టి మారుతుంది. అయినా కనీసం ఒక పూర్తి వారం, అందులో ఒక వారాంతపు రద్దీ, సరుకు అయిపోయి తిరిగి తెప్పించుకున్న ఒక సందర్భం, సిబ్బందిలో ఒకరు సెలవు పెట్టిన ఒక రోజు గడిస్తే తప్ప వ్యవస్థలోని లోపాలు బయటపడవు. భోజనశాలల వంటి చోట్ల, ఒక పని ఆలస్యమైతే దాని వెనకున్న పనులన్నీ ఆగిపోతాయి కాబట్టి, రెండు మూడు వారాలు తీసుకోవడం మేలు. వ్యవధి మరీ పెరిగినా ఇబ్బందే. నెలల తరబడి నడుస్తున్న దుకాణానికి ప్రారంభోత్సవం అంటే వినేవారికి వింతగా తోస్తుంది.

పరీక్షగా నడపడం పేరుకే జరిగితే ఫలితం ఉండదని డిస్నీలాండ్ తొలిరోజు చెబుతుంది. కాలిఫోర్నియాలోని ఆ పార్కు సాధారణ ప్రజలకు తెరుచుకున్నది 1955 జులై 18న. దానికి ముందురోజు, ఆదివారం, ఆహ్వానితుల కోసం ప్రత్యేక ప్రదర్శన ఏర్పాటు చేశారు. కాగితం మీద చూస్తే ఇది చక్కటి పద్ధతే. కానీ ఆ ముందస్తు రోజునే ఏబీసీ టెలివిజన్ దేశమంతటికీ ప్రత్యక్షంగా ప్రసారం చేసింది. నకిలీ టికెట్లతో వేల మంది లోపలికి వచ్చేయడంతో మొత్తం సంఖ్య 28 వేలకు చేరిందని చెబుతారు. ఎండ మండిపోతుండగా, ఆదరాబాదరాగా వేసిన తారు మెత్తబడి ఎత్తు మడమల చెప్పులు దిగబడ్డాయి. ప్లంబర్ల సమ్మె కారణంగా మరుగుదొడ్లు, తాగునీటి కుళాయిలు రెండింటినీ సమయానికి సిద్ధం చేయలేక, వాల్ట్ డిస్నీ మరుగుదొడ్లనే ఎంచుకోవలసి వచ్చింది. తప్పులు చేసుకోవడానికి ఉద్దేశించిన రోజుకు కెమెరాలను ఆహ్వానిస్తే అది రిహార్సల్ కాదు, అసలు నాటకమే. ఆ పార్కు తర్వాత రెండు నెలలు తిరగకముందే పది లక్షల మంది సందర్శకులను చూసిందన్నదీ నిజమే. అయితే అంతటి ఆకర్షణ లేని వ్యాపారాలు అలాంటి తొలిరోజును తట్టుకుని నిలబడటం కష్టం.

లండన్ హీత్రో విమానాశ్రయంలోని అయిదవ టెర్మినల్ కథలో ఈ విషయం మరో కోణం నుంచి కనిపిస్తుంది. దాన్ని రాణి రెండవ ఎలిజబెత్ 2008 మార్చి 14న లాంఛనంగా ప్రారంభించారు. ప్రయాణికులకు తలుపులు తెరుచుకున్నది మార్చి 27న. అంటే అక్కడ తేదీలు రెండు ఉన్నా, వేడుక ముందు, పని తర్వాత. అంతకుముందు వేల మంది వాలంటీర్లతో ప్రయోగాలు జరిగాయి గానీ, నిర్మాణం ఆలస్యమవడంతో పరీక్షలకు కేటాయించిన సమయం కుంచించుకుపోయింది. ఈ రాజీ గురించి బ్రిటిష్ ఎయిర్‌వేస్ అధిపతి విల్లీ వాల్ష్ తర్వాత పార్లమెంటు కమిటీ ముందు ఒప్పుకున్నారు. తొలి ఉదయమే సిబ్బందికి పార్కింగ్ దొరకలేదు, భద్రతా తనిఖీ దగ్గర వారే క్యూలో నిలబడిపోయారు, సామాను వ్యవస్థలోకి లాగిన్ కాలేకపోయారు. తర్వాతి పది రోజుల్లో 500కు పైగా విమానాలు రద్దయ్యాయి, సుమారు 42 వేల బ్యాగులు తమ యజమానులతో పాటు ప్రయాణించలేకపోయాయి. తేదీ కదలకుండా పనులు వెనకబడినప్పుడు కోత పడేది ఎప్పుడూ చివరి దశకే, ఆ చివరి దశ దాదాపు ఎప్పుడూ శిక్షణ, పరీక్షలదే. చిన్న దుకాణంలోనూ ఇదే జరుగుతుంది. వడ్రంగి పని నాలుగు రోజులు ఆలస్యమైతే ఆ నాలుగు రోజులూ బిల్లింగ్ నేర్చుకోవలసిన అమ్మాయి ఖాతాలోంచే పోతాయి.

కాబట్టి తేదీని లెక్కించే దిశ మారాలి. సాధారణంగా ముందు ఒక మంచి రోజును ఎంచుకుని, అక్కడి నుంచి వెనక్కు వస్తూ పనులను ఇరికిస్తారు. అందుకు బదులు, ఎప్పుడు పూర్తవుతాయో తెలియని పనులను ముందు విడదీసి చూసుకోవడం మంచిది. కొన్ని పనులు యజమాని చేతిలో ఉంటాయి: అరలు సర్దడం, ధరల పట్టికలు, సిబ్బంది నియామకం. డబ్బో మనుషులో ఎక్కువ పెడితే వీటిని వేగిరపరచవచ్చు. కొన్ని పూర్తిగా ఇతరుల చేతిలో ఉంటాయి: లైసెన్సులు, అగ్నిమాపక అనుమతి, కరెంటు కనెక్షన్, దూరం నుంచి రావలసిన యంత్రాలు. వీటిని ఎంత బతిమాలినా ఒక హద్దు దాటి కదలవు. ఈ రెండవ రకం పనుల్లో చివరిది పూర్తయిన రోజు నుంచి ముందుకు లెక్కపెట్టి, శిక్షణకూ సరుకు సర్దడానికీ పరీక్షగా నడపడానికీ రోజులు కలుపుకుంటూ పోతే వేడుక తేదీ దానంతటదే తేలుతుంది. ఆఖరి అనుమతి కాగితం చేతికి అందాకే ఆహ్వాన పత్రికలు అచ్చుకు వెళ్లాలన్న నియమం ఒక్కటి పాటించినా సగం ప్రమాదాలు తప్పుతాయి.

ఆ నియమం పాటించకపోతే ఏమవుతుందో బెర్లిన్ బ్రాండెన్‌బర్గ్ విమానాశ్రయం కన్నా పెద్ద ఉదాహరణ దొరకదు. 2012 జూన్ 3న ప్రారంభమని ప్రకటించారు, భారీ వేడుకకు ఏర్పాట్లు చేశారు, నగరంలోని పాత విమానాశ్రయం నుంచి ఒక్క రాత్రిలో తరలిపోవడానికి ప్రణాళిక వేశారు. నాలుగు వారాల ముందు, మే 8న, ప్రారంభం వాయిదా పడిందని ప్రకటించవలసి వచ్చింది. మంటలు వస్తే పొగను బయటకు పంపే వ్యవస్థతో సహా అగ్నిభద్రతా ఏర్పాట్లు అనుమతికి తగిన స్థితిలో లేవు. అక్కడ దుకాణాలు పెట్టుకోవడానికి ముందుగా మనుషులను తీసుకుని, సరుకు తెప్పించుకున్న చిన్న వ్యాపారుల పరిస్థితి ఏమిటన్నది ఈ కథలో చాలామంది పట్టించుకోని భాగం. ఇతరుల భవనంలో, ఇతరుల తేదీని నమ్ముకుని వ్యాపారం మొదలుపెట్టేవారు అద్దె ఒప్పందంలోనే ఆలస్యానికి షరతు రాయించుకోవడం అందుకే అవసరం.

ఇంత తెలిసీ యజమానులు తొందరపడటానికి బలమైన కారణం ఉంది. తలుపులు మూసి ఉన్న ప్రతి రోజుకూ అద్దె, జీతాలు, అప్పుపై వడ్డీ నడుస్తూనే ఉంటాయి. ఆ మొత్తాన్ని రోజుకు ఇంత అని కాగితం మీద వేసి చూడవచ్చు. సిద్ధం కాకుండా తెరిచిన దుకాణం నుంచి నిరాశతో వెళ్లిపోయి మళ్లీ రాని కొనుగోలుదారు విలువను అలా లెక్కగట్టడం సాధ్యం కాదు. లెక్కకు అందే నష్టం ముందు లెక్కకు అందని నష్టం ఎప్పుడూ చిన్నదిగానే కనిపిస్తుంది. ఈ భ్రమకు సాఫ్ట్ ఓపెనింగ్ మంచి విరుగుడు. వేడుక లేకుండా తలుపులు తెరిస్తే అద్దెకు సరిపడా కాకపోయినా కొంత రాబడి మొదలవుతుంది, వేడుక తేదీ మీద ఒత్తిడి తగ్గుతుంది.

సన్నద్ధత సంగతి తేలాక కొనుగోలుదారుల క్యాలెండర్ వైపు చూడాలి. ప్రతి వ్యాపారానికీ ఒక సీజన్ ఉంటుంది. పుస్తకాలు, స్టేషనరీ అమ్మేవారికి బడులు తెరిచే కాలం, వ్యాయామశాలకు కొత్త సంవత్సరపు తీర్మానాల కాలం, కూలర్లు అమ్మేవారికి ఎండలు ముదిరే కాలం అలాంటివి. సీజన్ నడిమధ్యలో ప్రారంభిస్తే గిరాకీ బాగుంటుందన్న ఆలోచన పైకి తర్కబద్ధంగానే కనిపిస్తుంది. కానీ అప్పటికే జనం తమకు అలవాటైన చోట కొనడం మొదలుపెట్టి ఉంటారు. పోటీ వ్యాపారులందరూ ప్రచారానికి గరిష్ఠంగా ఖర్చు చేస్తుంటారు. సరుకు పంపేవారు పాత ఖాతాదారులకే ప్రాధాన్యం ఇస్తారు. సీజన్‌కు నాలుగు నుంచి ఆరు వారాల ముందు తలుపులు తెరిస్తే, రద్దీ వచ్చేసరికి సిబ్బంది చేయి తిరిగి ఉంటుంది, పేరు నలుగురి చెవిన పడి ఉంటుంది. సీజన్ ముగిసిన వెంటనే ప్రారంభించడం అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. తొలి ఉత్సాహం చల్లారేసరికి ఖాళీ నెలలు ఎదురవుతాయి, ఆ నెలలను దాటించడానికి దాచిన పెట్టుబడి అప్పటికే ప్రారంభానికి ఖర్చయిపోయి ఉంటుంది.

క్యాలెండర్ లెక్క ఎంత పక్కాగా ఉన్నా దానికి ఒక హద్దు ఉంది. న్యూయార్క్‌లో అద్దె ఒప్పందాలు సంప్రదాయంగా మే 1న మొదలయ్యేవి. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ నిర్మాతలు దానికి తగ్గట్టే 1931 మే 1ని లక్ష్యంగా పెట్టుకున్నారు. 1930 మార్చిలో పని మొదలుపెట్టి, అద్దెదారులు కార్యాలయాలు మారే ఆ తేదీకి సరిగ్గా పూర్తి చేశారు. అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ వాషింగ్టన్‌లో మీట నొక్కి దీపాలు వెలిగించారు. తేదీ ఎంపికలో ఇంతకన్నా చక్కటి ఆలోచన ఉండదు, అమలులో ఇంతకన్నా క్రమశిక్షణా ఉండదు. అయినా అప్పటికి ఆర్థిక మాంద్యం దేశాన్ని కమ్మేసింది. గదులు నిండక జనం దాన్ని ఎంప్టీ (ఖాళీ) స్టేట్ బిల్డింగ్ అని ఎగతాళి చేశారు. సరైన తేదీ ఉన్న గిరాకీని పట్టుకోగలదు గానీ లేని గిరాకీని పుట్టించలేదు. దీనికి వ్యతిరేక దిశలో మాస్కో ఉంది. 1990 జనవరి 31న, ఒక బుధవారం, గడ్డకట్టే చలిలో అక్కడ తొలి మెక్‌డొనాల్డ్స్ తెరుచుకుంటే ఆ ఒక్క రోజే 30 వేల మందికి పైగా వచ్చారు. జనం ఏళ్ల తరబడి ఎదురుచూసిన దానికి వారమూ వాతావరణమూ అడ్డు రావు. తమ వ్యాపారం కూడా ఆ కోవలోదేనని ప్రతి యజమానీ లోలోపల అనుకుంటాడు కాబట్టే ఈ ఉదాహరణను జాగ్రత్తగా వాడుకోవాలి.

వారంలో ఏ రోజు అన్న ప్రశ్నకు తీరిక ఎవరిది అన్నదే సమాధానం. కుటుంబాలు కలిసి వచ్చి కొనే వస్తువులకు వారాంతం తప్ప మరో దారి లేదు. ఇతర సంస్థలకు సేవలందించే వ్యాపారమైతే శని, ఆదివారాల్లో అతిథులే దొరకరు, వారం మధ్యలో పెట్టుకోవడమే మేలు. చాలామంది పట్టించుకోని సంగతి మరొకటి ఉంది. ప్రారంభం నాడు ఏదో ఒక యంత్రం మొరాయించడం దాదాపు ఖాయం. వరుస సెలవుల ముందురోజు తెరిస్తే ఆ యంత్రాన్ని బాగుచేసే మనిషి, బ్యాంకులో మాట్లాడవలసిన ఉద్యోగి, అయిపోయిన సరుకు పంపవలసిన టోకు వ్యాపారి ముగ్గురూ అందుబాటులో ఉండరు. జనానికి సెలవైన రోజు వ్యాపారికి అండగా నిలిచేవారికీ సెలవే. అందుకే నిశ్శబ్దంగా తెరవడానికి వారం మొదటి రోజులు, వేడుకకు వారాంతం అనే పంపకం చాలా వ్యాపారాలకు నప్పుతుంది. ఖరీదైన వస్తువులు అమ్మేచోట నెల జీతాలు చేతికందిన తర్వాతి వారాంతాన్ని ఎంచుకోవడం ఎలాగూ అందరికీ తెలిసిన విషయమే.

ఆ రోజున ఊరిలో ఇంకేం జరుగుతోందన్నది తర్వాతి పరిశీలన. పెద్ద క్రీడా పోటీల తుదిదశ, ఎన్నికలు, పరీక్షలు, పోటీ సంస్థ వార్షిక తగ్గింపు అమ్మకాలు, ఆ దారిలోనే రోడ్డు తవ్వకాలు వంటివన్నీ విడివిడిగా చిన్నవే అయినా కలిస్తే రోజును మింగేస్తాయి. పారిస్ దగ్గర యూరో డిస్నీ 1992 ఏప్రిల్ 12న మొదలైనప్పుడు లక్షల్లో జనం వస్తారని, రోడ్లు స్తంభించిపోతాయని ముందే హెచ్చరికలు వెలువడ్డాయి. సరిగ్గా అదే రోజు సమ్మె వల్ల పార్కుకు నేరుగా వెళ్లే రైలు మార్గం తెగిపోయింది. మధ్యాహ్నానికి పార్కింగ్ స్థలం సగమే నిండింది. రద్దీ గురించి మితిమీరి చెప్పడం కూడా జనాన్ని ఇంట్లోనే ఆపుతుందన్నది అప్పటి వివరణల్లో ఒకటి. వాతావరణం విషయంలో సగటు లెక్కలను నమ్ముకోకుండా, ఆ నెలలో రాగల అతి చెడ్డ రోజును ఊహించుకుని, ఆ రోజునా క్యూలో నిలబడేవారికి తలదాచుకునే చోటు ఉందా అని చూసుకోవాలి.

తేదీ కన్నా వేళకు ఇచ్చే శ్రద్ధ ఇంకా తక్కువ. ప్రారంభోత్సవాల్లో అసంతృప్తిలో ఎక్కువ భాగం పుట్టేది అక్కడే. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఒక్కో మనిషికి మూడు నిమిషాలు పడితే గంటకు ఇరవై మంది, నాలుగు కౌంటర్లు ఉంటే ఎనభై మంది బయటపడతారు. తగ్గింపు మొదటి గంటకే అని ప్రకటించిన కారణంగా మూడు వందల మంది ఒకేసారి లోపలికి వస్తే, వారిలో చివరి మనిషి డబ్బు కట్టేసరికి మూడు గంటల నలభై అయిదు నిమిషాలు గడుస్తాయి. కొత్త సిబ్బందికి మూడు నిమిషాలు చాలవు కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే పడుతుంది. అదే మూడు వందల మంది ఆరు గంటల్లో విడివిడిగా వస్తే గంటకు యాభై మంది, ఎవరూ విసుగు చెందరు. జనం సంఖ్య రెండు సందర్భాల్లోనూ ఒకటే. అంటే తగ్గింపును గంటకు బదులు వారానికి ప్రకటించడం, కూపన్ల మీద వేర్వేరు వేళలు ముద్రించడం వంటి మామూలు జాగ్రత్తలు నాలుగు కొత్త కౌంటర్ల పెట్టు.

లాంఛనానికీ అమ్మకానికీ వేళలు వేరుగా ప్రకటించాలి. ముఖ్య అతిథి పదిన్నరకు వస్తారని ఆహ్వానంలో ఉంటే, ఆ అతిథి పన్నెండుకు వచ్చేవరకు కొనడానికి వచ్చినవారు బయట నిలబడి ఉంటారు. వారి దృష్టిలో దుకాణం గంటన్నర ఆలస్యంగా తెరుచుకున్నట్లే. లాంఛనం అతిథుల కోసం పదిన్నరకు, అమ్మకాలు ప్రజల కోసం పన్నెండున్నరకు అని విడివిడిగా చెబితే ఇద్దరికీ మర్యాద దక్కుతుంది. ముఖ్య అతిథి డైరీలో ఖాళీ చూసుకుని తేదీ నిర్ణయించడం, నిర్మొహమాటంగా చెప్పాలంటే, వ్యాపారాన్ని ఫొటో కోసం వాయిదా వేయడమే. భోజనశాల వేడుకను రెండు భోజన వేళల మధ్య మొదలుపెడితే వంటగది ఊపిరి పీల్చుకుంటుంది. సాయంత్రం దీపాల వెలుగులో అందంగా కనిపించే దుకాణాన్ని మిట్టమధ్యాహ్నం ఆవిష్కరించడంలో అర్థం లేదు. సిబ్బంది ఉదయం అయిదింటి నుంచి సర్దుతూ సాయంత్రం ఏడింటికి జనాన్ని ఎదుర్కొంటే ముఖంలో చిరునవ్వు మిగలదు. వేళతో పాటు షిఫ్టులనూ అప్పుడే రాసుకోవాలి.

ఇక శుభముహూర్తం సంగతి. తేదీకీ వేళకూ అదృష్టంతో సంబంధం ఉందన్న నమ్మకం ఎన్నో సమాజాల్లో ఉంది, చేతికి లెక్కల యంత్రాలు వచ్చినంత మాత్రాన అది పోలేదు. బీజింగ్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవం 2008లో ఎనిమిదో నెల ఎనిమిదో తేదీ రాత్రి 8 గంటలకు మొదలైంది. చైనీయులకు ఎనిమిది కలిసివచ్చే అంకె. హాంకాంగ్ డిస్నీలాండ్ ప్రారంభానికి చైనా పంచాంగం ప్రకారం మంచి రోజుగా 2005 సెప్టెంబర్ 12ను ఎంచుకున్నారు. అది సోమవారం, వినోద పార్కు తెరవడానికి మార్కెట్ దృష్టితో ఎవరూ కోరి ఎంచుకోని రోజు. కానీ అక్కడి యాజమాన్యం పంచాంగాన్ని గౌరవిస్తూనే సెప్టెంబర్ 4న దాదాపు 30 వేల మందితో పూర్తిస్థాయి రిహార్సల్ జరిపింది. ఆహారశాలల దగ్గర ముప్పావు గంట, ఆటల దగ్గర రెండు గంటల వరకు నిరీక్షణ తప్పదని ఆ రోజే తేలింది. నమ్మకంతో వాదించడం ఎందుకు? యజమానికి, భాగస్వాములకు, సిబ్బందికి మనోధైర్యం ఇచ్చే ముహూర్తానికి తనదైన విలువ ఉంది. ముహూర్తానికి కావలసినవారు పదిమందే కాబట్టి అది తెల్లవారుజామున వచ్చినా, పనిదినాన వచ్చినా, అంతా సిద్ధం కాకముందే వచ్చినా నష్టమేమీ లేదు. ఆ వేళకే ప్రజలందరినీ పిలవాలని ఏ పంచాంగమూ చెప్పదు. రెండు తేదీలన్న పద్ధతి ఇక్కడ మరింత సులువుగా అమరుతుంది.

ఆన్‌లైన్ వ్యాపారానికి గుమ్మం లేదు కాబట్టి తొక్కిసలాట ఉండదనుకుంటే పొరపాటు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా వెబ్‌సైటు హెల్త్‌కేర్ డాట్ గవ్ 2013 అక్టోబర్ 1న ఒక్కసారిగా తెరుచుకున్నప్పుడు, లక్షల మంది వచ్చినా, ఆ రోజు బీమా ఎంచుకోవడం పూర్తి చేయగలిగినవారు ఆరుగురే. అది వ్యాపారం కాదు, తేదీ ముందే ఖరారైపోయి ఉంది, నిజమే. కానీ ఒకే నిమిషానికి అందరినీ పిలిచే ప్రతి వెబ్‌సైటుకూ ఆ ప్రమాదం ఉంది. మొదట కొద్దిమందికి ఆహ్వానం పంపి, రోజుకు కొంత చొప్పున తలుపును వెడల్పు చేసే వీలు ఆన్‌లైన్‌లో ఎక్కువ. దాన్ని వదులుకోకూడదు. సాంకేతిక సిబ్బంది ఇంటికి వెళ్లబోయే శుక్రవారం సాయంత్రం ఎంత ముద్దొచ్చినా దానికి దూరంగా ఉండాలి.

అన్నీ చూసుకున్నా వాయిదా వేయక తప్పని పరిస్థితి రావచ్చు. అప్పుడు ఎంత త్వరగా చెబితే అంత నయం. మూడు వారాల ముందు చెప్పే వాయిదా ఒక ప్రకటన, ముందురోజు రాత్రి చెప్పే వాయిదా ఒక వార్త. కొత్త తేదీ ఖాయమయ్యేవరకు దాన్ని చెప్పకపోవడం మరీ ముఖ్యం. రెండోసారి తప్పిన మాటను ఎవరూ క్షమించరు. బెర్లిన్ విమానాశ్రయం అలా ఎన్నో తేదీలు దాటి, చివరకు 2020 అక్టోబర్ 31న, ఒక శనివారం, పెద్ద ఆర్భాటం లేకుండా తెరుచుకుంది. అంతకుముందు నెలల్లో వేల మంది వాలంటీర్లు ప్రయాణికుల్లా వచ్చి, సామాను అప్పగించి, గేట్ల దాకా నడిచి చూశారు. విమానయాన సంస్థలు ఈసారి ఒక్క రాత్రిలో కాకుండా కొన్ని రోజుల పాటు విడతలుగా తరలివచ్చాయి. పాత టెగెల్ విమానాశ్రయం నుంచి ఆఖరి విమానం నవంబర్ 8న బయలుదేరింది.